కుడిచేతికి కట్టిన ఇమామ్ జామిన్: ఒక ఆర్చరీ జడ్జి చెప్పే సంగతులు

నేను రిటైరయ్యానని తెలిసిన దగ్గర్నుంచి, కొత్తగా ఆర్చరీ జడ్జి పరీక్ష రాస్తున్న పిల్లలు ఫోన్లు చేస్తున్నారు. "సార్, ఏం చదవాలి?" అని అడుగుతారు. రూల్ బుక్ చదవండి అంటే నిరాశపడతారు. ఎక్కడో ఒక గైడ్ ఉంటుందనీ, అందులో ముఖ్యమైన ప్రశ్నలకు చుక్కలు పెట్టి ఉంటాయనీ వాళ్ల ఆశ. అలాంటిదేమీ లేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇది చదివితే పరీక్ష పాసవుతారన్న భరోసా నేనివ్వను. పాసయ్యాక నెత్తిన ఏం పడుతుందో మాత్రం కొంత తెలుస్తుంది.

నాకు జీతమిచ్చింది సర్కారు బడిలో పీఈటీ ఉద్యోగం. ఇల్లు హుస్సేనీ ఆలంలో. ఆదివారాలనూ, పండగ సెలవులనూ, మా ఆవిడ పుట్టింటివాళ్ల పెళ్లిళ్లనూ మింగేసింది మాత్రం జడ్జి పని. "విలువిద్య నేర్పుతావా?" అని బంధువులు అడిగేవారు. లేదు, నేర్చుకున్నవాళ్లు వేసిన బాణం ఎక్కడ పడిందో చూసి చెబుతాను అనేవాణ్ని. "చూడ్డానిక్కూడా ఒక మనిషి కావాలా?" అనేవారు.

ఏ ఏడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు ఏ శాలువా కప్పారు అన్నవి ఇక్కడ రాయను. ఆ శాలువాలు అన్నీ ఒకే కొట్టులోవి. పని ఎలా ఉంటుందో రాస్తాను.

ఈలలు

ఆర్చరీలో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఈలలు. రెండు ఈలలు వినిపిస్తే ఆటగాళ్లు విల్లు తీసుకుని గీత దగ్గరికి రావాలి. ఒక ఈల వినిపిస్తే బాణాలు వేయడం మొదలు. మూడు ఈలలు వినిపిస్తే విల్లు పక్కన పెట్టి, టార్గెట్ దాకా నడిచి, పాయింట్లు రాయించుకుని, బాణాలు తెచ్చుకోవాలి. ఆగకుండా ఐదో అంతకంటే ఎక్కువో మోగితే ప్రమాదమని అర్థం. ఎక్కుపెట్టిన బాణాన్ని కూడా దించేయాలి. ఇది ఎనిమిదేళ్ల పిల్లకు ఒక్కసారి చెబితే చాలు. పెద్దవాళ్లతోనే తంటా.

మేం పోటీలు పెట్టే మైదానానికి రెండు వైపులా గేట్లు. అటు మొహల్లా, ఇటు మొహల్లా, మధ్యలో మా టార్గెట్లు. చుట్టూ తిరిగి పోవడమంటే పాతబస్తీలో ఎవరికీ నచ్చదు. ఒకరోజు పోటీ జరుగుతుండగా నలుగురు మనుషులు దావత్ కోసం బిర్యానీ వండే పెద్ద దేగిసా ఒకటి కర్రకు తగిలించుకుని, బాణాలు పోయే దారికి అడ్డంగా నడుచుకుంటూ వచ్చారు. నేను ఆగకుండా ఈల ఊదాను. బాణాలు ఆగాయి. వాళ్లు కూడా ఆగారు, సరిగ్గా మధ్యలో.

"ఏంది భాయ్, ఏం లొల్లి?" అన్నాడు ముందున్నాయన.

"బాణాలు కొడుతున్నరు కనబడ్తలేదా? పానాలు పోతయి," అన్నాను.

"మాకెర్కనే సాబ్. నువ్వు ఈల ఊదితే ఆపుతరు గదా. అందుకే ధైర్నంగ వచ్చినం."

ఆయన తర్కంలో నాకు తప్పు దొరకలేదు. ఆ తర్వాతి వారం నుంచి గేటు దగ్గర నిలబడి "సార్, జర ఈల ఊదుండ్రి, దాటాలె" అని అడగడం మొదలుపెట్టారు. కూరగాయల సంచులవాళ్లు, బక్రీద్ ముందు మేకలవాళ్లు, ఒకసారి ఒక కొత్త పెళ్లికొడుకు. నన్ను సిగ్నల్ దగ్గరి ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను చేసి పెట్టారు. అప్పటినుంచి నేను పోటీకి ముందు టార్గెట్లు కాదు, వాటి వెనకా పక్కలా ఏముందో చూసేవాణ్ని. తాడు కట్టించి, రెండు గేట్లకూ తాళం వేయించేవాణ్ని. తాళం చెవులు నా జేబులోనే ఉండాలి. చౌకీదారు దగ్గర ఉంటే అతనికి ఇద్దరు బావమరుదులు ఉంటారు, వాళ్లకు అటువైపు పని ఉంటుంది.

ముఖ్య అతిథి వేసే మొదటి బాణం

రెండో రూలు: బాణం లేకుండా వింటి నారిని, అంటే మనవాళ్లు స్ట్రింగ్ అనేదాన్ని, లాగి వదలకూడదు. బాణం ఉంటే ఆ బలమంతా బాణం పట్టుకుపోతుంది. లేకపోతే విల్లే భరించాలి. భరించలేకపోతే విరుగుతుంది. ఇదీ ఎనిమిదేళ్ల పిల్లకు తెలుసు.

ముఖ్య అతిథులకు తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, అతిథి అన్నాక తెలుసుకుని రానక్కర్లేదు. ఒకాయన, పేరు ఎందుకులెండి, పూలదండతో సహా గీత దగ్గరికి వచ్చారు. మైకులో పావుగంట పురాణం చెప్పి, మన పూర్వీకులు బాణం వేస్తే గురి తప్పేది కాదని గుర్తు చేసి, పోటీకి వచ్చిన ఒక పిల్లవాడి విల్లు అందుకున్నారు. నేను బాణం అందించబోతుంటే ఫొటోగ్రాఫర్ అడ్డం వచ్చాడు.

"అన్నా, ఒక్కసారి ఉత్తగనే గుంజుండ్రి, పోజు మస్తుగొస్తది."

ఆయన గుంజారు. పోజు బాగానే వచ్చింది. ఆ తర్వాత వదిలేశారు. విల్లు పైకొమ్మ ఫట్మని చీలింది. దండలోని బంతిపూలు రాలాయి. అందరూ చప్పట్లు కొట్టారు, అది కూడా కార్యక్రమంలో భాగమనుకుని. ఆయన చీలిన విల్లును అటూ ఇటూ తిప్పి చూసి, "డూప్లికేట్ మాల్ లెక్కున్నది. మంచియి కొనుండ్రి" అని సలహా ఇచ్చి వెళ్లిపోయారు. విల్లు పోయిన పిల్లవాడు వేరేవాళ్ల విల్లుతో ఆడి చిట్టచివర నిలిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ మండిన ఒళ్లుతోనే వందన సమర్పణ దాకా నిలబడాల్సి వచ్చింది.

అందుకే కొత్తవాళ్లకు చెబుతున్నాను. ప్రారంభోత్సవానికి ఒక వెదురు విల్లు వేరుగా ఉంచండి. దానికి రంగుకాగితాలు చుట్టండి. ముఖ్య అతిథికి అదే ఇవ్వండి. ఆయనకు తేడా తెలియదు, ఫొటోకు అసలే తెలియదు.

గీతను తాకిన బాణం

టార్గెట్ మీద రంగుల వలయాలు ఉంటాయి. నడిమి పసుపులో పడితే పది, తొమ్మిది. బయటికి వస్తున్నకొద్దీ ఎరుపు, నీలం, నలుపు, చివరికి తెలుపు. తెల్ల అంచులో పడితే ఒకటి. బాణం రెండు వలయాల మధ్య గీతను ఏమాత్రం తాకినా ఎక్కువ విలువ ఇవ్వాలి. పాయింట్లు రాయడం పూర్తయ్యేదాకా బాణాన్నిగానీ టార్గెట్‌నుగానీ ఎవరూ ముట్టకూడదు. తగవు వస్తే జడ్జిని పిలుస్తారు. జడ్జి లెన్స్ పెట్టి, ఒక పక్క నుంచి, మళ్లీ రెండో పక్క నుంచి చూసి, అంకె చెబుతాడు. ఆ అంకెకు ఇక అప్పీలు లేదు.

అప్పీలు లేకపోయినా తండ్రులు ఉన్నారు. ఒక పెద్దమనిషి తాడు అవతల నుంచే ఫోన్ చేతిలో ఊపుతూ పిలిచాడు. బాణం డెబ్బై మీటర్ల అవతల ఉంది. ఆయన దాన్ని ఇక్కడి నుంచే ఫొటో తీసి, జూమ్ చేసి, గీతను తాకుతోందని రుజువు చూపించాడు.

"బాణం ఆడనే ఉన్నది గదన్నా. నేను దగ్గరికి పోయి కండ్లతోటి సూసొచ్చిన. తాకలే," అన్నాను.

"కండ్లతోటి సూస్తే తాకది సార్. ఫోన్‌ల సూడుండ్రి, తాకుతది."

ఇలాంటి చోట వాదించకండి. అంకె చెప్పండి, పక్కకు తప్పుకోండి. రెండోసారి వివరించిన జడ్జిని మూడోసారి కూడా వివరించమంటారు.

నర్సింగరావు సార్

నాకు పని నేర్పిన పెద్ద జడ్జి నర్సింగరావు సార్. రైల్వేలో గుమాస్తా. ఎవరితోనూ నవ్వగా నేను చూడలేదు. ఇంట్లో నవ్వేవారేమో తెలియదు, వాళ్లావిడ ముఖం చూస్తే అదీ అనుమానమే.

జడ్జి ఆటగాడికి ఆట నేర్పకూడదన్నది రూలు. మోచెయ్యి దించమనో, ఊపిరి బిగబట్టమనో, స్ట్రింగ్ ఎక్కడో రాసుకుంటోందనో చెప్పకూడదు. ఒకరికి చెబితే పక్కవాడికి అన్యాయం. అది కోచ్ పని. నా మొదటి పోటీలో ఒక పిల్లవాడు పాపం ప్రతి బాణానికీ తల ఎత్తేస్తుంటే నేను ఆగలేక "తల, తల" అని గొణిగాను. నర్సింగరావు సార్ ఎక్కడ నిలబడి విన్నారో తెలియదు. నన్ను నీళ్ల డ్రమ్ము వెనక్కి తీసుకుపోయారు.

"ఆని పానం పోతుండెనా?"

"లేదు సార్."

"మరి నోరెందుకు తెరిసినవ్? పానం పోయేదైతే ఈల ఊదు. పాయింట్ పోయేదైతే నోర్మూసుకో. గంతే మన నౌక్రి."

రోజంతా ఆయన మీద కోపంగానే ఉన్నాను. తర్వాత ఎన్నో పోటీల్లో ఆ మాట నన్ను కాపాడింది. ఒక్క పోటీలో మాత్రం కాపాడినట్టు అనిపించలేదు. ఇదంతా రాయడానికి కూర్చున్నది నిజానికి దాని గురించి చెప్పడానికే.

ప్రాక్టీసులో పులి

శ్రావణి వాళ్లది కిషన్‌బాగ్. తండ్రికి గేదెలున్నాయి, పాలు పోస్తాడు. మా గల్లీకి పాలు ఆయనవే. చిన్నప్పుడు ఆ పిల్ల తండ్రి బండి మీద పాల క్యాన్ల మధ్య కూర్చుని వచ్చేది. మా ఇంటికి రెండిళ్ల అవతల బట్టలు కుట్టే రజియా ఖాలా, అంటే గల్లీ మొత్తానికి పిన్ని, ఉంటుంది. పిల్ల బండి దిగిందంటే ఖాలా గడపలోనే. అక్కడ చాయ్, అక్కడ ఉస్మానియా బిస్కెట్, అక్కడే స్కూలు లెక్కలు. కొన్నాళ్లకు శ్రావణి విల్లు పట్టింది. బాణాలు పెట్టుకునే సంచి ఖాలానే కుట్టి ఇచ్చింది, పెళ్లికూతురి గాగ్రాకు మిగిలిన బట్టతో. మైదానంలో అంతకంటే మెరిసే వస్తువు మరొకటి లేదు.

ఆ పిల్లది ఎడమచేతి వాటం. అందరూ ఎడమచేత్తో విల్లు పట్టి కుడిచేత్తో స్ట్రింగ్ లాగుతారు. ఈమె కుడిచేత్తో విల్లు పట్టి ఎడమచేత్తో లాగుతుంది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ప్రాక్టీసులో ఆమె బాణాలు పసుపు దాటేవి కావు. పోటీకి పోతే చెదిరిపోయేవి. అన్నీ ఒకే పక్కకు పోతే గురిచూసే సైట్ కాస్త జరుపుకుంటే సరిపోతుంది. ఈమెవి రెండు పసుపులో పడేవి, మూడోది పోయి నీలంలో పడేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. అంతుపట్టలేదని ఎవరూ ఊరుకోలేదు కూడా. ఆమె కోచ్ "ధ్యాస లేదు" అని తేల్చాడు. ఆయన అన్ని రోగాలకూ ఇచ్చే మందు అదొక్కటే, ధ్యాస పెట్టు అని చెప్పి ఫోన్ చూసుకుంటాడు. తండ్రి దిష్టి అన్నాడు. క్లబ్బువాళ్లు యోగా మాస్టర్‌ను పిలిపించారు, ఆయన ముక్కు మూయించి వెళ్లాడు. నేను భయం అనుకున్నాను. ప్రాక్టీసులో పులి, పోటీలో పిల్లి అని మైదానంలో పేరు పడిపోయింది.

నేను రిటైరవడానికి ముందు ఏడు రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ వచ్చింది. జట్టులో నలుగురికి చోటు. శ్రావణికి అది మామూలు పోటీ కాదు. ఆమె వాడే విల్లు క్లబ్బుది, మా దగ్గరున్న ఒకే ఒక మంచి విల్లు. జట్టులో చోటు వస్తే విల్లు ఆమె దగ్గరే ఉంటుంది, స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. రాకపోతే విల్లు వరసలో ఉన్న తర్వాతి పిల్లకు పోతుంది. కమిటీవాళ్లు ఆ మాట ఆమె ముఖం మీదే చెప్పారు. కమిటీలకు ఇలాంటి విషయాల్లో మొహమాటం ఉండదు.

ఎంపిక పోటీ

పోటీ నగరానికి అవతలి చివర. ఖాలా మొదటిసారి చూడ్డానికి బయల్దేరింది. తండ్రీ కూతుళ్లతో పాటు అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి వచ్చింది. ఖాలా లెక్కలో మూసీ దాటితే అది ప్రయాణమే. ప్రయాణమంటే ఇమామ్ జామిన్ కట్టాల్సిందే. జరీ అంచున్న బట్టలో ఒక నాణెం పెట్టి, ముడేసి, క్షేమంగా పోయి రావాలని కుడి దండకు, అంటే మోచేతికి పైన, కడతారు. తిరిగి ఇల్లు చేరాక విప్పి, ఆ నాణెం ఎవరికైనా దానమిస్తారు. మా గల్లీలో దీన్ని మతం అడిగి కట్టరు. తిరుపతి రైలెక్కేటప్పుడు నాకూ కట్టింది ఖాలా.

నేను ముందే ఆ పోటీ పెద్ద జడ్జికి (నర్సింగరావు సార్ కాదు, వేరొకాయన) చెప్పాను, ఆ అమ్మాయి కుటుంబం నాకు తెలుసని, నన్ను వేరే వరసకు మార్చమని. ఆయన నవ్వాడు. "పాతబస్తీల నీకు తెల్వనోళ్లు ఎవరున్నరయ్యా? నిలబడు పో," అన్నాడు.

పొద్దున శ్రావణి బాగానే వేసింది, మళ్లీ అక్కడక్కడ ఒక బాణం పోతూనే ఉంది. ఎండ ముదిరాక చెమటకు తట్టుకోలేక చొక్కా చేతులు పైకి మడిచింది. అప్పుడు బయటపడింది కుడి దండ మీద పచ్చటి ముడి. నాలుగో చోటు కోసం ఆమెతో పోటీ పడుతున్న అమ్మాయి కోచ్ ప్రకాశ్ అది చూశాడు. చూడగానే లేచాడు. అతనికి ఎవరి నమ్మకం మీదా ద్వేషం లేదు. అవసరమైతే సొంత తల్లి ముక్కుపుడక మీద కూడా ఫిర్యాదు చేసే మనిషి.

"సార్, గా చేతికి ఏందది? సపోర్ట్ కట్టుకున్నది. గిట్ల కట్టుకొని కొట్టొచ్చునా? రూల్ ఏడున్నది?"

ఫిర్యాదు వస్తే చూడాల్సిందే. ఒక విడత బాణాలు అయ్యాక ఆ పిల్ల దగ్గరికి వెళ్లి చెయ్యి చాపమన్నాను. తాడు అవతల ఖాలా లేచి నిలబడింది.

"ఏమైంది జడ్జ్ సాబ్? బచ్చి ఏం తప్పు జేసింది? అది నేను కట్టిన," అంది. చుట్టూ ఉన్నవాళ్ల మాటలు ఆగిపోయాయి. ఈ రోజుల్లో ఇలాంటివి ఎటు తిరుగుతాయో ఎవరికీ తెలియదు, అందుకే అందరూ నా ముఖం చూస్తున్నారు.

నేను ఆ ముడిని వేళ్లతో పట్టుకుని చూశాను. మెత్తటి బట్ట, చిన్న నాణెం. విల్లును మొయ్యడానికిగానీ లాగడానికిగానీ దానివల్ల ఏ సాయమూ లేదు. అది వెంటనే తెలిసిపోయింది. ఇంకొకటి కూడా కనిపించింది. ముడి లోపలి వైపు, ఛాతీ వైపు, జరీ పోగులు తెగి లేచి ఉన్నాయి. ఒకే చోట, సన్నటి గీతలా అరిగి ఉంది. స్ట్రింగ్ అక్కడ రాసుకుంటోంది, చొక్కా చెయ్యి కింద ఉన్నప్పుడు కూడా ఆ ఉబ్బుకే తగులుతూ ఉండాలి. ప్రతిసారీ కాదు, భుజం కాస్త లోపలికి వచ్చినప్పుడల్లా.

అందరికీ కుడి దండకే కడతారు. అందరూ కుడిచేత్తో స్ట్రింగ్ లాగుతారు కాబట్టి ఎవరికీ ఏమీ కాదు. ఈ ఒక్క పిల్లకు మాత్రం అది విల్లు పట్టే చెయ్యి. ప్రాక్టీసుకు ఎవరూ ఇమామ్ జామిన్ కట్టరు. ఖాలా ఈ పిల్లకు కట్టేది పోటీకి పోయేటప్పుడే, ప్రతిసారీ. ధ్యాసా లేదు, దిష్టీ లేదు, భయమూ లేదు. ఇన్నేళ్లుగా ఖాలా ప్రేమ ఆ పిల్ల బాణాలను పక్కకు నెడుతోంది.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. ప్రకాశ్ ఫిర్యాదు ఒప్పుకుని, తీసెయ్యమంటే శ్రావణి గెలుస్తుంది. పాపం ప్రకాశ్‌కు తన శిష్యురాలి పాలిట తనే గొయ్యి తవ్వుతున్నట్టు తెలియదు. నేను నిజాయితీగా ఫిర్యాదు కొట్టేస్తే ముడి అక్కడే ఉంటుంది, ఆ పిల్ల ఓడుతుంది. ప్రమాదం అనే సాకు కూడా వెతికాను. బట్ట రాసుకుంటే ఎవరి ప్రాణమూ పోదు. అది పాయింట్ పోయే సంగతే.

శ్రావణి నా కళ్లలోకి చూసింది. "సార్, తీసేయాల్నా?" అని అడిగింది.

అంత నేరుగా అడిగింది. ఒక్క తల ఊపు చాలు.

"అవసరం లేదు. ఇది రూలుకు విరుద్ధం కాదు. ఉంచుకోవచ్చు," అన్నాను, అందరికీ వినపడేలా.

చప్పట్లు మోగాయి. ఆర్చరీ పోటీలో జడ్జికి చప్పట్లు కొట్టడం నేను అంతకుముందు వినలేదు. ఖాలా రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. పాతబస్తీ బిడ్డ మర్యాద నిలబెట్టిన న్యాయమూర్తినని ఎవరో నా ఫొటో తీశారు. శ్రావణి నవ్వుకుంటూ గీత దగ్గరికి పోయి, ఆ ముడితోనే మిగిలిన బాణాలన్నీ వేసింది. నేను వెనక నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను, ఏది రాసుకుంది, ఏది రాసుకోలేదు అని. వదిలిన చప్పుడులోనే నాకు తెలిసిపోతోంది.

ఒక్క పాయింట్ తేడాతో ఐదో స్థానం వచ్చింది.

నాలుగో చోటు ప్రకాశ్ నేర్పే అమ్మాయికి దక్కింది. ప్రకాశ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "నా ఫిర్యాద్ కొట్టేసినరని నాకేం కోపం లేదు సార్. మీ తీర్పు మంచిదే," అన్నాడు. ఎంత పెద్ద మనసు.

జడ్జి కాబోయే పిల్లలూ, మీరు నన్ను అడగబోయేది నాకు తెలుసు. ఇప్పుడు మళ్లీ ఆ పిల్ల అదే అడిగితే అదే చెబుతాను. ఆ పక్కన నిలబడ్డ అమ్మాయికి కూడా ఒక తండ్రి ఉన్నాడు, ఆయన మా గల్లీలో పాలు పోయకపోవచ్చు. తెలిసిన పిల్ల కాబట్టి తల ఊపితే, రేపు తెలియని పిల్లకు ఊపను. అప్పుడు నేను జడ్జిని కాదు, ఫోన్‌లో జూమ్ చేసే తండ్రిని. ఇది మీకు నచ్చకపోతే వేరే పని చూసుకోండి, కోచ్ పని ఖాళీగానే ఉంది, ధ్యాస పెట్టమంటే చాలు. ఇంత గట్టిగా చెప్పానని నాకు బాధ లేదనుకోకండి. ఆ పిల్ల విల్లును సంచిలో సర్దుతుంటే చూడలేక నేను నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి ముఖం కడుక్కున్నాను, రెండుసార్లు.

డబల్ కా మీఠా

తర్వాతి రోజు సాయంత్రం తలుపు తీస్తే శ్రావణి గడపలో నిలబడి ఉంది. చేతిలో మూతపెట్టిన గిన్నె.

"ఖాలా పంపింది సార్. డబల్ కా మీఠా. జడ్జ్ సాబ్ మన ఇజ్జత్ నిలబెట్టిండు, ఆయనకు ఇచ్చి రమ్మన్నది."

లోపలికి రమ్మన్నాను. రాలేదు. గిన్నె ఇవ్వనూ లేదు.

"నిన్న ఇంటికి పోయినంక ఖాలా అది ఇప్పింది. జరీ చినిగున్నది. బట్ట హల్కాగున్నది, ఈసారి మంచిది తెస్త అన్నది." గిన్నెను ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఇయ్యాల పొద్దున విల్లు వాపస్ ఇయ్యాలె గదా. ఇచ్చేముందు గ్రౌండ్ల దస్తీకి రూపాయి ముడేసి, గదే చేతికి కట్టుకొని కొట్టిన. ఇప్పి కొట్టిన. మళ్ల కట్టుకొని కొట్టిన."

నేను ఆమె కుడి దండ వైపు చూశాను.

"మీకు తెల్సా సార్?"

"తెలుసు."

"ఎప్పుడు తెల్సింది?"

"చేత్తో పట్టుకుని చూసినప్పుడు."

"తీసేయాల్నా అని అడిగిన గదా మిమ్మల్ని."

"అడిగినవ్ బిడ్డా."

ఆమె ముఖం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందని కూడా అనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. రూలు చెబుదామని నోరు తెరిచాను కానీ ఆ పిల్లకు రూలు నాకంటే తక్కువ తెలుసా? మూసుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి ఎవరని కేకేసింది.

శ్రావణి గిన్నె మూత తీసి నా చేతికిచ్చింది.

"తినుండ్రి. ఎట్లున్నదో అడుగుతది, నేను పోయి చెప్పాలె."

గడపలోనే నిలబడి తిన్నాను. నెయ్యి దండిగా వేసింది ఖాలా, పైన జీడిపప్పు. ఆ పిల్ల కదలకుండా నేను తినడం చూస్తోంది.

"వచ్చే ఏడు మళ్ల పోత సార్, గా ముఖ్య అతిథుల వెదురు విల్లుతోనైనా కొట్టుకుంట," అంది. "ఖాలా కడ్తది, కట్టించుకుంట. బస్సెక్కినంక ఇప్పి జేబుల పెట్టుకుంట, మళ్ల వాపస్ వచ్చేటప్పుడు బస్సు దిగేముందు నాయిన తోటి కట్టించుకుంట. నాయినకు చెప్పిన. మీరు ఖాలాకు మాత్రం చెప్పకుండ్రి. ఎన్నడు చెప్పకుండ్రి."

సరేనన్నాను. ఆమె గిన్నె కోసం చెయ్యి చాపింది. అడుగున ఇంకొక ముక్క మిగిలి ఉంది. అది కూడా తిని ఇచ్చాను.